గోడకు ఇవతల యూనివర్సిటీ, అవతల కంపెనీ
(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తార్నాక చౌరస్తాకు ఒక దిక్కు ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకో దిక్కు ఐఐసీటీ. ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను మన దగ్గరే తయారుచేసే పద్ధతిని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, సిప్లా కంపెనీ 1990లలో దాన్ని చవకగా మార్కెట్లోకి తెచ్చింది. పరిశోధన, పరిశ్రమ కలిస్తే పేదోడికి మందు దొరుకుతదని అప్పుడే రుజువైంది. మరి అదే పొత్తు యూనివర్సిటీతో ఎందుకు కుదరదు? కంపెనీలకు మనం ప్లేస్‌మెంట్ల నాడే ఎందుకు యాదికొస్తం?

మొదటి గోడ పాతది. స్వాతంత్ర్యం వచ్చినంక పరిశోధన జాతీయ ప్రయోగశాలలకు, పాఠాలు యూనివర్సిటీలకు అన్నట్టు పంపకం జరిగింది. నిధులు, పరికరాలు అటే పోయినయి. ఇటు ఖాళీ పోస్టులు మిగిలినయి.

రెండో గోడ, ఫలితం ఎవరిదన్న పంచాయితీ. సర్కారు సొమ్ముతో చేసిన పరిశోధన మీద హక్కును యూనివర్సిటీలే ఉంచుకునే వీలును అమెరికా 1980లో బే-డోల్ చట్టంతో ఇచ్చింది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో రాజ్యసభకు వచ్చి, చట్టం కాకుండానే 2014లో వాపసు పోయింది. ఆ బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. స్పష్టమైన నియమం లేనిచోట ప్రతి ఒప్పందమూ మొదటినుంచి బేరమే. ఫైలు ఒక టేబుల్ మీదినుంచి ఇంకో టేబుల్‌కు పోయేసరికి కంపెనీకి ఓపిక సచ్చిపోతది.

మూడో గోడ గోప్యత. దరఖాస్తు పెట్టకముందే సంగతి బయటపడితే పేటెంటుకు ముప్పు. అందుకే కంపెనీ చెప్పొద్దంటది. అందులో తప్పులేదు, వాళ్లు పెట్టుబడి పెట్టిండ్రు. కానీ థీసిస్ శోధగంగలో అందరికీ కనబడాలె. ఈ రెంటి నడుమ నలిగేది మన రీసెర్చ్ స్కాలరే. ఫెలోషిప్ గడువు దాటుతది, పేపరు అచ్చుకాదు, ఇంటర్వ్యూలో చూపించుకునేందుకు చేతిలో ఏమీ ఉండదు.

అందుకే మనం అడిగేది మూడే మాటలు. హక్కులు, వాటాలు పని మొదలుకాకముందే కాయితం మీద రాయాలె. పేటెంటు కోసం ప్రచురణ ఆపితే, ఎన్ని రోజులో ముందే గడువు పెట్టాలె. కనిపెట్టిన విద్యార్థి పేరు పేటెంటులో ఉండాలె. 1970 పేటెంట్ల చట్టమే ఆ అవకాశం ఇస్తున్నది.

కంపెనీలు రావాలె, మనం వద్దనం. కానీ మన పిల్లల చెమట మీద వాళ్ల పేరు ఉండాలె. సంతకం పెట్టేముందు కాయితం చదువుదాం. చదివినంక నిలదీద్దాం!