చిన్న కమతములో పందుల కొట్టము – మీరే కట్టుకొను విధము

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పశువైద్యుడను కాను. నేల సారమును గూర్చి, ఎరువులను గూర్చి పాఠములు చెప్పుకొను వాడను. ఇటువంటి వానికి పందుల కొట్టముతో పని యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. మాకు గల మూడెకరముల మెట్టలో నేనొక కొట్టము కట్టించి, అది చెడిపోగా మరల కట్టుకొన్నాను. నేడు మీకు చెప్పబోవునది సగము పుస్తకములలోనిది, సగము ఆ చెడిన కొట్టము నేర్పినది.

మొదటి కొట్టమునకు నేను సొమ్మంతయు గోడలకు పెట్టితిని. నాలుగు ప్రక్కల ఏడడుగుల ఇటుక గోడ, పైన ఇనుప రేకులు, గాలికి రెండు చిన్న కిటికీలు. చూచుటకు ఇల్లువలె ముచ్చటగా ఉండెను. ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నము చూలి పంది ఒకటి నోరు తెరచి రొప్పసాగి, ప్రొద్దుగూకు లోపల ప్రాణము విడిచెను. మరి పది దినములకు ఈనవలసినది. తరతరములుగా పందులను పెంచు ఎరుకల పెద్ద ఒకాయన మా ఊరిలో ఉన్నారు. ఆయన వచ్చి, రేకు క్రింద ఒక్క నిమిషము నిలిచి, "పందికి చెమట పట్టదు బాబూ. బయట తిరిగేదానికి బురదగుంట ఉంటది. నువ్వు గుంట తీసేసి పొయ్యి కట్టావు" అన్నారు. నేను చదివిన చదువులో ఆ మాట ఉన్నది గాని, కట్టునప్పుడు గుర్తునకు రాలేదు.

అట్లని పందులను వీధికి వదలుట మేలని చెప్పను. మనిషి ప్రేగులలో ఉండు బద్దెపురుగు గ్రుడ్లు మలముతో బయటపడును. ఆ మలమును తిన్న పంది కండలలో తిత్తులు ఏర్పడును. ఆ మాంసమును సరిగా ఉడకనీయక తిన్నవానికి మరల బద్దెపురుగు పట్టును. అంతతో పోదు. ఆ గ్రుడ్లు చేతులనుండియో, కడుగని కూరలనుండియో మన కడుపులోనికి పోయిన యెడల తిత్తులు మెదడుకు చేరి మూర్ఛలు రావచ్చును. పంది మాంసమును ముట్టని ఇంటి పిల్లవానికి కూడ ఇది రాగలదు. కావున పంది కొట్టము దాటరాదు. కొట్టములో పనిచేయువారు మరుగుదొడ్డినే వాడవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినను ఫలము లేదు.

ఇక కట్టు విధము. పది పందులను కొని మేపి అమ్ముకొను రైతును తలచుకొని కొలతలు చెప్పుచున్నాను.

స్థలము మెరకగా ఉండవలెను. తొలకరి వాననీరు రెండు గంటలలో దిగిపోని చోట పునాది వేయవద్దు. త్రాగునీటి బావికి నూరడుగులైనను ఎడముండవలెను. ఇళ్ళకు దూరముగా, గాలి ఇంటివైపు వీచని దిక్కున ఉండవలెను. మెదడువాపు జ్వరమును దోమలు పందులనుండి మనుష్యులకు చేర్చును గనుక ఈ దూరము దుర్వాసన కొరకు మాత్రమే కాదు.

కప్పు క్రింద ఒక్కొక్క పందికి 15 చదరపు అడుగుల చొప్పున పదింటికి 150 చదరపు అడుగులు కావలెను. తూర్పు పడమరలుగా 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పెట్టుడు. ఆ పొడవునకే ఆనించి కప్పులేని వాకిలి 8 అడుగులు విడువుడు. తూర్పు పడమరలుగా కట్టినచో ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ పొట్టి ప్రక్కలనే తగులును. పడమటి ప్రక్క ఒక వేపయో కానుగయో నాటినచో నాలుగైదేండ్లలో అది మీకు రెండవ కప్పగును.

గోడ నాలుగడుగులు చాలును. నేను ఏడడుగులు కట్టి చెడితిని. నాలుగడుగులపైన కప్పు వరకు అంతయు గాలికి విడువవలెను. చలికాలపు రాత్రులలోను, జడివానలోను గోనెపట్టలు వ్రేలాడదీసి, మరునాడు చుట్టి పెట్టుకొనవచ్చును. మట్టిగోడ మాత్రము వద్దు. పంది మూతితో నెల దినములలో దానిని త్రవ్వివేయును. ఇటుక లేనివారు రాతి కూసములు పాతి బండలు నిలుపవచ్చును. సరుగుడు గుంజలను అడ్డముగా కట్టినను సరిపోవును గాని, అడుగు గుంజ నేలకు ఆనుకొని ఉండవలెను. సందు దొరకిన చోటనే పంది మూతి పెట్టును.

కప్పును గూర్చి కొంచెము నిదానముగా వినుడు. చూరు ఏడడుగుల ఎత్తున, నడికొప్పు పదడుగుల ఎత్తున ఉండవలెను. చూరు గోడకు మూడడుగులు ముందుకు వచ్చిన యెడల ఎండ, వానజల్లు రెండును లోనికి రావు. తాటాకు, కొబ్బరి మట్టల తడికెలు, బోదగడ్డి – మీ ప్రాంతమున ఏది చౌకయో అదే మేలు. ఆకు కప్పు రెండు మూడేండ్లకు మార్చవలెను. నిప్పు భయము కలదు. ఆ కారణమున రేకులే కావలెనన్నవారు రేకుపైన జానెడు మందమున గడ్డి పరచి, తాళ్ళతో కట్టి, వేసవి మధ్యాహ్నములలో నీరు చల్లవలెను. నా రెండవ కొట్టమునకు పాత రేకులనే ఎత్తి కట్టి ఇట్లు చేసితిని. చేయి పైకెత్తి రేకు అడుగున పెట్టి చూడుడు; చేయి నిలువని చోట పందియు నిలువదు.

సొమ్ము మిగిలిన యెడల నేలకు పెట్టుడు. మొరము పోసి తడిపి దిమ్మెసతో గట్టిగా కొట్టి, దానిపై నాలుగంగుళముల కాంక్రీటు వేయవలెను. పైన నున్నగా తాపి తీయనీయవద్దు. మేస్త్రీలకు నున్నగా తీయుట గొప్ప. మీరు దగ్గర నిలిచి, పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి చీపురుతో గీతలు గీయింపవలెను. జారిన పందికి కాలు విరుగును. బండలు పరచువారు గరుకు ముఖము పైకి పెట్టవలెను. కప్పు క్రింది వెనుక గోడనుండి వాకిలి చివరవరకు పద్దెనిమిది అడుగులకు ఆరంగుళముల వాలు చాలును. వాలు ముగిసిన చోట జానెడు వెడల్పు కాలువ పెట్టుడు.

మేత తొట్టి ఎత్తువైపున, కప్పు క్రింద ఉండవలెను. పందికొక అడుగు చొప్పున పది అడుగులు. నీటి తొట్టిని మాత్రము వాకిలిలో పల్లపువైపున పెట్టుడు. పంది మురికిదని లోకము అనును గాని, చోటున్న యెడల అది పడుకొను చోట పెంట వేయదు; తడిగానున్న మూలకు పోవును. ఆ మూల ఎక్కడనో నిర్ణయించునది మీ నీటి తొట్టి. దానిప్రక్కనే అడుగులోతు గచ్చు మడుగు ఒకటి కట్టి, నీరు రోజూ మార్చుడు. ఎరుకల పెద్దాయన చెప్పిన బురదగుంట ఇదే.

ఈనించదలచినవారు వేరుగా 8 అడుగులు, 10 అడుగుల గది కట్టవలెను. గోడ వెంట, నేలకు తొమ్మిదంగుళముల ఎత్తున, గోడకు తొమ్మిదంగుళముల ఎడమున ఇనుప గొట్టము బిగింపుడు. తల్లి ఒరిగి పడుకొనునప్పుడు పిల్లలు ఆ సందులోనికి తప్పుకొని బ్రదుకును. తల్లికి చల్లదనము, పిల్లలకు వెచ్చదనము కావలెను గనుక ఒక మూల తల్లి దూరలేని కంతగల పెట్టె పెట్టి, లోపల విద్యుద్దీపము వ్రేలాడగట్టుడు.

వాకిలికి ఒకే ద్వారము ఉంచుడు. 2020 లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రములలో మన దేశమున మొదటిసారిగా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కనబడెను. ఇది మనుష్యులకు సోకదు గాని, పందులకు దీనికి చికిత్స లేదు. చెప్పులకు అంటిన మట్టితోను, హోటళ్ళ ఎంగిలితోను వచ్చును. బేరగానిని లోనికి రానీయక, పందినే ద్వారము దగ్గరకు తోలి చూపుడు. క్రొత్తగా కొన్న పందులను నాలుగు వారములు విడిగా ఉంచుడు. ఎంగిలి మేత ఉడికించక వేయవద్దు. మామూలు స్వైన్ ఫీవరునకు టీకా కలదు. అది వేయించుటకు పశువుల ఆసుపత్రిలో అడుగుడు.

చివరకు నా శాస్త్రమునకు వచ్చితిని. కాలువ చివర పది అడుగులు, ఆరడుగులు, మూడడుగుల లోతు గుంట త్రవ్వి, పెంటను చెత్తతో పొరలుగా వేసి, నాలుగు మాసములు మాగనిండు. కడిగిన నీటిని నేపియర్ గడ్డికి పారింపుడు. పచ్చి పెంటను ఆకుకూరలకు, ఉల్లికి, కొత్తిమీరకు వేయరాదు.

సంక్రాంతి దాటగానే పని మొదలిడుడు. అప్పుడు గడ్డి, మనుష్యులు దొరకుదురు. కాంక్రీటును పది దినములు తడిపి, ఆరనిచ్చి, కప్పు పూర్తియైన తరువాతనే పందులను తెచ్చుకొనుడు.