పద్దెనిమిదేళ్లు నిండిన నాడు తలుపు మూయకండి
(ప్రసంగ పాఠం)



ఇల్లు లేనివాడు అనగానే బస్టాండు అరుగు మీద పడుకున్న మనిషి మన కళ్ల ముందు మెదులుతాడు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఇల్లు లేని యువకుడు అంత తేలికగా కంటపడడు. నెల రోజులు మేనమామ ఇంట, పది రోజులు స్నేహితుడి గదిలో, ఆ పైన పనిచేసే కొట్టులో బస్తాల నడుమ అతని రాత్రులు గడుస్తాయి. పడుకోవడానికి ఎక్కడో ఒకచోట జాగా దొరుకుతుంది. ‘ఇది నా చోటు’ అని చెప్పుకోవడానికి మాత్రం దొరకదు. అందుకే అతడు ఏ లెక్కలోకీ రాడు.

ఈ దుస్థితికి మూలాలు మన నేలలోనే ఉన్నాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడివడి వచ్చిన మెట్ట ప్రాంతం మనది. కరవు, ఫ్లోరైడు నీళ్లు, దశాబ్దాల తరబడి వెలిగొండ ప్రాజెక్టు కోసం ఎదురుచూపులు మన బతుకులో భాగమయ్యాయి. దేశమంతటి బడిపిల్లల చేతికి పలకలు అందించిన మార్కాపురంలో, నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతిపలకకు గిరాకీ తగ్గింది. పని తగ్గిన కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు, హైదరాబాదు, బెంగళూరు భవన నిర్మాణ పనులకు తరలిపోతున్నాయి. పిల్లలు నానమ్మ దగ్గరో, హాస్టల్లోనో, మదరసాలోనో మిగిలిపోతారు. ఆ నానమ్మ కన్నుమూస్తే, లేదా ఆ హాస్టల్ గడువు తీరితే, పద్దెనిమిదేళ్ల బిడ్డ వీధి మధ్యన నిలబడతాడు. చిన్నతనంలో యతీమని చేరదీసిన సమాజమే, మీసం రాగానే ‘ఇక నీ బతుకు నువ్వు చూసుకో’ అంటుంది.

చట్టం ఈ విషయాన్ని కొంతవరకు గుర్తించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం, బాలల సంరక్షణ సంస్థ నుంచి 18 ఏళ్లు నిండి బయటకు వచ్చే యువతకు సమాజంలో నిలదొక్కుకునేందుకు ఆర్థిక సహాయం అందించవచ్చు. ఈ అనంతర సంరక్షణ సాధారణంగా 21 ఏళ్ల వరకు ఉంటుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించాయి.

అయితే ఈ సహాయం సంరక్షణ సంస్థల్లో పెరిగినవారికి ఉద్దేశించినది. నానమ్మ ఇంట పెరిగిన పిల్లవాడు ఆ నిర్వచనంలోకి రాడు. నమోదు కాని యతీమ్‌ఖానాలో పెరిగినవాడికీ ఆ హక్కు కాగితం మీద నిరూపించుకోవడం కష్టం. ఇదే చట్టంలోని 41వ సెక్షన్ నమోదును తప్పనిసరి చేసింది; నమోదు లేకుండా నడిపితే శిక్ష కూడా ఉంది. నమోదంటే ప్రభుత్వ జోక్యమని జంకే నిర్వాహకులకు మన విన్నపం ఒక్కటే. మీ భయం మీకు ఉండవచ్చు; కానీ ఆ భయానికి మూల్యం చెల్లించేది మీ పిల్లలే.

పట్టణ నిరాశ్రయుల పథకం సంగతీ చూద్దాం. లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత ఆశ్రయం ఉండాలన్నది దాని కొలమానం. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం జనాభా 70 వేల పైచిలుకు. గిద్దలూరు దానిలో సగం. పెద్ద నగరాల కోసం గీసిన కొలబద్దతో కొలిస్తే చిన్న పట్టణాల కష్టం ఎప్పుడూ చిన్నదిగానే కనబడుతుంది. పైగా రాత్రి నిద్రకు చోటిచ్చే ఆశ్రయం వేరు, యువకుడు నిలదొక్కుకునే ఇల్లు వేరు. ఆ ఇంటికి మూడు కావాలి: తాళంచెవి తన చేతిలో ఉండే గది, మంచిచెడ్డలు అడిగే పెద్దదిక్కు, చదువుకో పనికో దారి. ఈ మూడూ కలిసినప్పుడే అది ఆసరా ఇల్లు అవుతుంది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. మదీనాలో దైవప్రవక్త (సఅసం) మస్జిద్‌ను ఆనుకుని ఉన్న ‘సుఫ్ఫా’ ఇల్లూ వాకిలీ లేని సహాబాలకు నీడనిచ్చింది, విద్య నేర్పింది. హదీసులను మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) అక్కడ ఉన్నవారే. మక్కా నుంచి వట్టి చేతులతో వచ్చిన ముహాజిర్లను అన్సార్ల ఇళ్లతో జత కలిపిన ‘మువాఖాత్’ ఒక భాగస్వామ్య ఒప్పందమే. దివ్యఖుర్ఆన్‌లోని ‘దుహా’ సూరా, యతీముగా ఉన్న ప్రవక్తకు అల్లాహ్ ఆశ్రయమిచ్చిన సంగతిని గుర్తుచేసి, ఆ వెంటనే యతీములతో కటువుగా ప్రవర్తించవద్దని ఆదేశిస్తుంది. మన ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1947లో, డాక్టర్ అబ్దుల్ హక్ కృషితో కర్నూలులో ఉస్మానియా కళాశాల వెలసింది. పాలకుడి సాయం, పండితుడి పట్టుదల ఒక్కచోట చేరితే ఏమవుతుందో అది చూపింది.

మరి ఇప్పుడు ఎవరు ఏం చేయాలి? వక్ఫ్ చట్టంలోని 32వ సెక్షన్ వక్ఫ్ స్థలాల్ని విద్యాసంస్థలుగా, నివాస గృహాలుగా అభివృద్ధి చేసే వీలు కల్పిస్తోంది. ముళ్లకంపలు మొలిచిన, ఆక్రమణలకు గురవుతున్న జాగాలో నాలుగు గదులు లేస్తే ఆస్తికీ రక్షణ, బిడ్డకూ రక్షణ. అంతవరకు ఆగనక్కరలేదు, ఒక అద్దె ఇంటితో మొదలుపెట్టవచ్చు.

జకాత్ విషయంలో ఒక ధర్మసూక్ష్మం ఉంది. జకాత్ సొమ్ము అర్హుడైన మనిషికి సొంతం కావాలని, దానితో గోడలు కట్టరాదని హనఫీ ఉలమాలు చెబుతారు. కనుక కట్టడానికి, మరమ్మతులకు సదకా, విరాళాలు వాడుదాం. జకాత్‌ను అర్హుడైన యువకుడి చేతికే ఇద్దాం. ఆ సొమ్ముతో అతడే అద్దె చెల్లిస్తాడు. అప్పుడు అతడు ఆ ఇంట్లో దయతో ఉంచిన మనిషి కాడు, అద్దె కట్టి ఉంటున్న మనిషి. ఈ తేడా చిన్నది కాదు.

ఆ ఇంటి తలుపు దూదేకుల బిడ్డకూ, దళిత బిడ్డకూ, కులమతాలతో పనిలేకుండా ప్రతి నిరాశ్రయ యువకుడికీ తెరిచి ఉండాలి. పేరు వినగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అనే మాట విన్న సమాజం మనది. ఆ మాట మన గుమ్మంలో వినబడకూడదు. ఆడపిల్లలకు వేరుగా, మహిళల నిర్వహణలోనే ఇల్లు ఉండాలి. హింస నుంచి బయటపడి వచ్చే అమ్మాయిని రాజీ పేరుతో వెనక్కి పంపే ముందు 181కి ఫోన్ చేయండి. 18 ఏళ్ల లోపు పిల్లలైతే 1098కి చేయండి. మస్జిద్ కమిటీ, స్థానిక మున్సిపాలిటీ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, పని నేర్పే యజమానులు ఎవరి బాధ్యత ఏమిటో కాగితం మీద రాసుకోవాలి. లెక్కలు ప్రతి నెలా మస్జిద్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. నోటిమాట మీద నడిచే మంచిపని నడిపే మనిషితోనే ఆగిపోతుంది.

సోదరులారా, ముందుగా చేయవలసింది లెక్క. ప్రతి మస్జిద్ పరిధిలో 18 నుంచి 23 ఏళ్ల మధ్య నిలకడైన చోటు లేని బిడ్డలు ఎందరో, వాళ్ల పరువుకు భంగం రాకుండా ఒక పుస్తకంలో రాద్దాం. ఆ సంఖ్య చేతికొచ్చాక మున్సిపల్ కార్యాలయానికీ, కలెక్టరేట్‌కూ కలిసికట్టుగా వెళదాం. అధికారుల జవాబు వచ్చేలోపు మొదటి గది అద్దె మనమే కడదాం. రమజాన్‌లో ఇఫ్తార్ విందులకు వెచ్చించే దానిలో ఒక వాటా చాలు, ఏడాది పొడవునా ఒక బిడ్డ తల మీద కప్పు నిలుస్తుంది.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.