ఆగమన కాలం: పండుగకి ముందు దారి బాగు చేసుకుందాం

ఈ ఎపిసోడ్‌లో ఆగమన కాలం గురించి మాట్లాడుకుందాం.

2025లో ఇది నవంబర్ 30, ఆదివారం నుంచి డిసెంబర్ 24 సాయంత్రం వరకు. కానీ మన మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం వైపు డిసెంబర్ మొదటి వారానికే ఇళ్ళ మీద స్టార్లు వెలుగుతాయి. ఆఫీసుల్లో, కాలేజీల్లో సెమీ క్రిస్మస్, కేక్ కటింగ్. తప్పని కాదండి. కాకపోతే 25 వచ్చేసరికి పండుగ అయిపోయినట్టే ఉంటుంది.

తల్లి శ్రీసభ మాత్రం తొందరపడదు. గురువులు ఊదా రంగు వస్త్రాలు వేసుకుంటారు. ఆదివారం పూజలో మహిమ గీతం పాడం. అది బెత్లెహేము రాత్రి దేవదూతలు పలికిన మాటలతో మొదలయ్యే పాట. అందుకే క్రిస్మస్ దాకా దాచుకుంటాం.

రెండో ఆదివారం సువార్తలో ఏటా స్నాపక యోహాను గారు వస్తారు. ప్రభువుకి మార్గం సిద్ధం చేయమంటారు. లోయలు పూడ్చాలి, కొండలు చదును చేయాలి అని యెషయా ప్రవక్త ముందే చెప్పాడు. ఉప్పల్ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. దారి బాగవడానికి ఎంత కాలం పడుతుందో మనం రోజూ చూశాం. మనసులో దారి కూడా 24 రాత్రి ఒక్క గంటలో తయారవదు.

మరి లోయ ఎక్కడుంది? ఆస్తి పంపకాల దగ్గర మాటలు ఆగిపోయిన అన్నదమ్ముల మధ్య ఉంది. కొండ ఎక్కడుంది? "ముందు వాడే రావాలి" అనే పంతంలో ఉంది. స్టార్ ఎంత ఎత్తున కట్టినా, అన్న ఇంటి ముందు తల తిప్పుకుని వెళ్తుంటే ఆ దారి తెగిపోయినట్టే కదండి.

అందుకే నాలుగు వారాలు, నాలుగు పనులు.

మొదటి వారం: ఫోన్ పక్క గదిలో పెట్టి, రోజూ పది నిమిషాలు ఆ రోజు పఠనాలు చదవండి.

రెండో వారం: పాపసంకీర్తనం. పండుగ రద్దీకి ముందే వెళ్తే ఫాదర్ గారితో నిదానంగా మాట్లాడొచ్చు.

మూడో వారం: కొత్త బట్టల డబ్బుల్లో కొంత తీసి, పండుగ చేసుకోలేని ఒక ఇంటికి ఇవ్వండి. ఫొటోలు, స్టేటస్‌లు వద్దు.

నాలుగో వారం 2025లో నాలుగు రోజులే, 21 నుంచి 24 వరకు. వాయిదాకి చోటు లేదు. మాట్లాడని ఆ మనిషికి ఫోన్ చేయండి. ఎత్తకపోవచ్చు, ఎత్తి కోప్పడొచ్చు. అయినా చేయండి. మన వైపు రోడ్డు వేయడమే మన పని.

మీరు ఏ పనితో మొదలుపెడుతున్నారో కామెంట్‌లో రాయండి. ప్రభువు మిమ్మల్ని, మీ కుటుంబాల్ని దీవించును గాక. ఉంటానండి.