ఇంటి గదిలో మనోగాయ చికిత్స
(వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955లో కుదిరిన ఒడంబడిక వలన భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఎన్నో తెలుగు కుటుంబములు ఇచ్చటికి వచ్చి, సెక్టారులలోని క్వార్టరులలో కాపురముండి, ఈ కొలిమిని నమ్ముకొని బిడ్డలను పెంచుకొన్నవి. నిప్పుతో పనిచేయువారికి గాయము క్రొత్త కాదు. కాలిన చేతికి మందు కలదు, కట్టు కలదు, సెలవు కలదు. అదే ప్రమాదము మనస్సునకు చేసిన గాయమునకు చికిత్స యేమి? దానిని ఇంటనుండియే పొందుటకు వీలగునా? నేటి ప్రసంగమునకు విషయమిదియే.

2014 జూను 12వ తేదీన ఈ కర్మాగారమున విషవాయువు వెలువడి ఆరుగురు మరణించిరి. 2018 అక్టోబరు 9వ తేదీన కోక్ ఒవెనుల గ్యాసు గొట్టము వద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా అసువులు బాసిరి. మృతుల సంఖ్య పత్రికలకెక్కినది. క్షతగాత్రుల సంఖ్యయు నెక్కినది. కాని తోడివాడు పడిపోవుట కన్నులార చూచి, తన యొంటిపై గీతయైన లేక ఇల్లు చేరినవాడు ఏ పట్టికకును ఎక్కడు.

అట్టివాని స్థితి యెట్లుండును? నిద్రలో ఉలికిపడి లేచును. వంటింటిలో గ్యాసు వాసన తగిలినంతనే గుండె దడదడలాడును. ప్రమాదము జరిగిన త్రోవన నడువనొల్లడు. ‘ఒక్క నిమిషము ముందు పోయియుండిన వాడు బ్రతికెడివాడే’ యని తన్ను తాను నిందించుకొనును. బిడ్డలపై నిష్కారణముగా కసరును. కొందరు మద్యమును ఆశ్రయింతురు. ఈ లక్షణములు నెలకు మించి నిలిచి బ్రతుకును చెరచుచున్నచో వైద్యులు దానిని వ్యాధిగా గుర్తింతురు. పి.టి.ఎస్.డి. అను పేర 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథమున దీనికి స్థానము లభించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నూటికి సుమారు 70 మంది జీవితమున ఎప్పుడో యొకప్పుడు ఘోర సంఘటనకు లోనగుదురు. వ్యాధి పాలగువారు వారిలో స్వల్పభాగమే. కనుక ఇది పిరికితనము కాదు, గ్రహచారము కాదు. విరిగిన యెముక వంటిదే. సరిగా కట్టువారున్నచో అతుకును.

ఈ చికిత్సలో మాటయే మందు. సాధారణముగా వారమునకొకటి చొప్పున 8 మొదలు 15 సెషనులు జరుగును. మొదట ఊపిరిని నిదానించుకొనుట, పాదములు నేలపై మోపి ‘ఇది నా యిల్లు, ఇది నేటి దినము’ అని తెలిసికొనుట నేర్పుదురు. పిదప ఆనాటి సంఘటనను మెల్లమెల్లగా చెప్పింతురు. తప్పించుకొని తిరిగిన జ్ఞాపకము పలుమారులు నోటికి వచ్చుటచే దాని కాటు తగ్గును. ‘తప్పు నాదే’ అను తలంపును నిజానిజములతో తూచి చూపుదురు. కన్నుల కదలికతో కూడిన మరియొక పద్ధతి కలదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు విధములను సిఫారసు చేసినది.

వైద్యుడు ఎదుట లేనిచో ఇది ఫలించునా యను సందేహము సహజము. అమెరికాలో మాజీ సైనికులపై జరిపి 2017లో ప్రకటించిన యొక పరిశోధనలో, ఇంటినుండి వీడియో ద్వారా పొందిన చికిత్స ఎదుట కూర్చుండి పొందిన దానికి తీసిపోలేదని తేలినది. మన దేశమున దూరవైద్యమునకు 2020 మార్చి 25వ తేదీన నియమావళి వెలువడినది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలి మానస్ అను సేవను ఆరంభించినది. 14416 అను నంబరునకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. అందలి భాషలలో తెలుగు ఒకటి. దీర్ఘచికిత్సకు అది మొదటి మెట్టు.

భాష యనునది ఇచ్చట చిన్న విషయము కాదు. డ్యూటీలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు చక్కగా మాటలాడువానికిని ఏడ్పు తెలుగుననే వచ్చును. హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో ఉన్న తెలుగు చికిత్సకుడు తెరమీద కనిపించినచో ఆ మాట వినువాడు దొరకినట్లే. ఆసుపత్రి వరుసలో ప్రక్క క్వార్టరువారు చూతురేమో యను జంకు తప్పును. నైట్ షిఫ్టు దిగి నిద్రించి లేచిన పిమ్మట సమయము కుదుర్చుకొనవచ్చును. ఆ చికిత్సకునికి తగిన శిక్షణయు, నమోదును కలవా యని మాత్రము ముందుగా విచారింపవలెను.

అయితే ఈ చికిత్సకు ఇంటివారు ఈయవలసిన దొకటి కలదు. అది మూసిన తలుపు. రెండు గదుల క్వార్టరులో ఆవల టెలివిజను మ్రోగుచుండగా, తల్లి జపమాలతో గుమ్మము వద్ద కూర్చుండియుండగా, ఎవడు తన భయమును బయటపెట్టును? ఆ గంట పిల్లలను ఆటకు పంపవలెను. పిలుపులు ఆపవలెను. చెవికి హెడ్‌ఫోను తగిలించుకొన్నచో అవతలి మాట ఇంటివారికి వినబడదు. తలుపు తెరచుకొన్న పిమ్మట ‘ఏమడిగిరి? ఏమి చెప్పితివి?’ అని నిలదీయరాదు. ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి ఊరకుండుటయే మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడు బాధ్యతను వైద్యులపై నుంచినది. ఇంటివారికి చట్టముతో పనిలేదు, మర్యాద చాలును.

ఇంటి చికిత్స అందరికి తగినది కాదు. గృహమందే హింసకు గురియగు స్త్రీకి ఆ గదియే భయస్థానము. ఆమెకు వేరొక చోటు కావలెను. ఆత్మహత్య తలంపు కలవానిని తెరముందు కూర్చుండబెట్టి ఊరకుండరాదు. వెంటనే సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి వంటి చోటికి కొనిపోవలెను. కావుననే మంచి చికిత్సకుడు మొదటి దినముననే రోగి యున్న చిరునామాను, ఆపదలో పిలువదగిన బంధువు నంబరును, ఇంటర్నెట్టు తెగినచో చేయవలసిన దానిని అడిగి వ్రాసికొనును.

ఇంట చోటు లేనివారికి తెలుగు సంఘములు తోడుపడవచ్చును. నాటక రిహార్సలులకు, పండుగ వంటలకు తావు చూపు సంఘములు వారమునకొక గంట ఒక చిన్న గదిని, ఒక కుర్చీని, లోపల గడియ గల తలుపును ఈయజాలవా? లోనికి పోవువాడెవడని ఎవరును అడుగకుండుటయే ఆ గదికి నియమము కావలెను. పరాయి గడ్డపై తెలుగువానికి తెలుగువాడు చేయదగిన సాయములలో ఇది చిన్నది కాదు.