జీర్ణకోశ విద్యకు ద్వారములు రెండు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)

   

భారతము ఆదిపర్వమునందు అగ్నిదేవునకే అజీర్ణము పట్టిన కథ కలదు. శ్వేతకి యను రాజు పండ్రెండేండ్లు ఎడతెగక యాగము చేసి నేతిధారలు పోయగా, ఆ నేయి త్రావి త్రావి అగ్నికి మాంద్యము కలిగినది. తేజము తగ్గి ఆయన బ్రహ్మయొద్దకు పోయి మొరపెట్టుకొనెను. ఖాండవవనమును దహించుటయే అందులకు చికిత్స యయ్యెను. సర్వమును జీర్ణము చేయు అగ్నికే తప్పని బాధ, అన్నగతప్రాణులైన మానవులకు తప్పునా? గీతలో వైశ్వానరాగ్ని ప్రస్తావన వచ్చునది పదునైదవ అధ్యాయమున. చరకసంహిత చికిత్సాస్థానమున గ్రహణీరోగమునకు కేటాయించినదియు పదునైదవ అధ్యాయమే. సంఖ్యలు కలియుట కాకతాళీయము కావచ్చును గాని, పూర్వులు కడుపు సంగతిని చిన్నచూపు చూడలేదనుటకు ఇవి చాలును.

ఆ శాస్త్రమును నేడు ఉన్నతస్థాయిలో చదువగోరు గ్రామ విద్యార్థికి ఏమేమి కావలయును అనునదే ఈ ప్రసంగ విషయము. అన్నవాహిక, జఠరము, చిన్నప్రేవు, పెద్దప్రేవు, కాలేయము, పిత్తాశయము, క్లోమము — వీనినన్నిటిని గూర్చిన శాస్త్రమునకు గ్యాస్ట్రోఎంటరాలజీ యని పేరు. ఈ విద్య యనగా డాక్టరు చదువే యనియు, డాక్టరు చదువనగా నీట్ పరీక్షయే యనియు పల్లెలలో తలంతురు. నీట్‌లో ర్యాంకు రాని పిల్లవాడు ఇంటిలో మూలన కూర్చుండును. తండ్రి మరియొక యేడు కోచింగునకు ఎకరమో అరయెకరమో తాకట్టు పెట్టును. రెండవ యేడును అంతే. మూడవ యేట పిల్లవానికి పుస్తకము చూచిన భయము, తండ్రికి వడ్డీ తలచిన భయము. ఆ పిల్లవాడు చదువదలచిన శాస్త్రమునకు మరియొక ద్వారము కూడ కలదని వానికి ఎవ్వరును చెప్పరు.

ముందుగా మొదటి ద్వారము. ఇది వైద్యులది. ఇంటర్మీడియెట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఆంగ్లమును చదివి, ప్రవేశపు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండి, నీట్‌లో నెగ్గి ఎం.బి.బి.ఎస్.లో చేరవలయును. అది నాలుగున్నర యేండ్లు. ఆపై ఆసుపత్రిలో ఒక యేడు నిర్బంధ శిక్షణ. పిమ్మట నీట్-పీజీ వ్రాసి జనరల్ మెడిసిన్‌లో మూడేండ్ల ఎం.డి. పిమ్మట నీట్-ఎస్.ఎస్. అను మూడవ ప్రవేశ పరీక్ష, దానిపై మూడేండ్ల డి.ఎం. శస్త్రచికిత్స వైపు పోవువారు జనరల్ సర్జరీలో ఎం.ఎస్. చేసి, ఎం.సి.హెచ్. చదువుదురు, కాలములో భేదము లేదు. కూడిక వేసినచో 11½ ఏండ్లు. పరీక్షల నడుమ ఎదురుచూచు నెలలు ఇందులో చేరలేదు. కడుపులో చల్ల కదలని చదువు కాదిది! అయినను ప్రభుత్వ కళాశాలలో సీటు దొరకినవారికి తొలి నాలుగున్నర యేండ్లే ఇంటిపై భారము. ఆ తరువాత శిక్షణకాలమంతయు స్టైపెండు వచ్చును. హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలోను, నిమ్స్‌లోను, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలోను డి.ఎం. చదువు కలదు. ఢిల్లీ ఎయిమ్స్ వంటి సంస్థలకు ప్రత్యేక పరీక్ష వ్రాయవలయును. ఈ దారిని గూర్చి చెప్పువారు ఊరూర నున్నారు గనుక ఇంతకంటె విస్తరింప పనిలేదు.

రెండవ ద్వారము పరిశోధకులది. రోగిని చూచువాడు వైద్యుడు. ఆ రోగము ప్రేవులో ఎట్లు పుట్టినది, ఆహారము రక్తములోనికి ఏ మార్గమున పోవుచున్నది అని చూచువాడు పరిశోధకుడు. వీనికి ఎం.బి.బి.ఎస్. అక్కరలేదు. నమ్మకము కుదరనివారు రెండు ఉదాహరణములు వినవలయును.

అమెరికావాడైన రాబర్ట్ క్రేన్ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన పట్టము పిహెచ్.డి. 1960లో ప్రాగ్ నగరమున జరిగిన ఒక సభలో ఆయన చిన్నప్రేవు గోడలోని మర్మమొకటి వెల్లడించెను. చక్కెరలోని గ్లూకోజు ప్రేవు కణములోనికి ఒంటరిగా పోదు. ఉప్పులోని సోడియముతో జతకట్టి పోవును. ఆ జత వెంట నీరు పోవును. వాంతులు విరేచనములు పట్టినవానికి ఒట్టి నీరు పోసిన నిలువదు గాని, ఉప్పు చక్కెర తగుపాళ్లలో కలిపి పోసిన ఎందుకు నిలుచునో దీనివలన తెలిసినది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగెను. సెలైన్ సీసాలు నిండుకొనగా డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ కలిపిన నీటినే డ్రమ్ములలో నింపి త్రావించెను. నూటికి ముప్పది వరకు పోవుచుండిన ప్రాణములు, నాలుగుకు లోపునకు దిగినవి. ప్రయోగించినవాడు వైద్యుడే. అది పనిచేయు కారణమును చెప్పినవాడు వైద్యుడు కాడు.

రెండవ ఉదాహరణము ఒక స్త్రీది. రూత్ బిషప్ ఆస్ట్రేలియాలో సూక్ష్మజీవి శాస్త్రము చదివినది. ఆమెయు వైద్యురాలు కాదు. మెల్బోర్న్ పిల్లల ఆసుపత్రిలో విరేచనములతో చేరిన పసివారి చిన్నప్రేవు మొదటి భాగమునుండి తోడి వైద్యులు అణుమాత్రపు ముక్కలు తీసి యిచ్చిరి. 1973లో ఆమెయు ఆమె సహచరులును వానిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షింపగా చక్రాకారముగల వైరస్ కానవచ్చినది. లాటిన్ భాషలో రోటా యనగా చక్రము గనుక దానికి రోటా వైరస్ అని పేరు నిలిచినది. అంతవరకు పసివారి విరేచనములలో అధికభాగమునకు కారణమే తెలియదు. దానికి విరుగుడుగా, ఢిల్లీలో నవజాత శిశువులనుండి వేరుచేసిన ఒక బలహీనపు తెగతో హైదరాబాదులోని భారత్ బయోటెక్ టీకా చేసినది. 2016లో భారత ప్రభుత్వము రోటా టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున ఉపకేంద్రములలో పసివారి నోటిలో వేయు చుక్కలు ఇవియే.

ఇక తెలుగువాని కథ. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివెను గాని, ఖద్దరు ధరించుట గిట్టని ఒక ఆచార్యుని కారణమున పూర్తి పట్టము రాక ఎల్.ఎం.ఎస్. అను తక్కువ యోగ్యతాపత్రమే చేతికి వచ్చినది. ఆ నాళ్లలోనే ఆయన సోదరు లిరువురు స్ప్రూ యను ప్రేవుల జబ్బుతో స్వల్పకాల వ్యవధిలో మరణించిరి. తిన్నది ఒంటబట్టక, విరేచనములతో రక్తహీనతతో మనిషి కరిగిపోవు రోగమది. వైద్యులు సంగ్రహణి యను జాతికి చెందినది. ఆ జబ్బు సుబ్బారావునకును సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1920ల ఆరంభమున బోస్టను చేరెను. పగలు హార్వర్డులో చదువు. రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము. 1930లో ఆయన పొందినది వైద్యపట్టము కాదు, జీవరసాయన శాస్త్రములో పిహెచ్.డి. అనగా మొదటి ద్వారమున సగము త్రోవ నడిచినవాడు రెండవ ద్వారమున లోపలికి పోయెను.

తరువాతిది లెక్కలు చూచువారికి ముచ్చట గొలుపు విషయము. 1940లో ఆయన లెడర్లే సంస్థలో చేరెను. ఆయన నడిపిన పరిశోధనశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము తయారైనది. అది స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా రక్తము పట్టినది. ఆయన మరణించిన 1948వ సంవత్సరముననే ఆ పరిశోధనశాలనుండి ఆరియోమైసిన్ వెలువడెను. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ దుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. ఇక్కడను వైద్యుడు కాడు! అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. నేటికిని ఉష్ణమండలపు స్ప్రూకు ఇచ్చు ప్రధాన చికిత్స ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. సోదరులను పొట్టబెట్టుకొన్న జబ్బునకు రెండు మందులును ఆ తమ్ముని పరిశోధనశాలనుండియే వచ్చినవి.

1960లలో వెల్లూరు ప్రాంతపు పల్లెలలో స్ప్రూ తెరలు తెరలుగా వచ్చినప్పుడు, అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన సెల్విన్ బేకర్, వి. ఐ. మథన్ అను వైద్యులు ఊరూర తిరిగి దానిని పరిశోధించిరి. ఆ సంస్థలో జీర్ణకోశ శాస్త్రములకు ప్రత్యేక విభాగము వెలసినది. అచట చాలకాలము పనిచేసిన గగన్‌దీప్ కాంగ్ రెండు ద్వారములును దాటిన విదుషి: ఎం.బి.బి.ఎస్., ఎం.డి., ఆపై పిహెచ్.డి. 2019లో లండను రాయల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. భారతదేశమున పనిచేయుచు ఆ గౌరవము పొందిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు.

రెండవ ద్వారమున ప్రవేశించుటకు వలయునవి ఇవి. డిగ్రీలో జీవరసాయనము, సూక్ష్మజీవి శాస్త్రము, జీవసాంకేతికము, రసాయన శాస్త్రము — వీనిలో ఏదైనను మంచిదే. పొరుగు పట్టణములోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివినను పట్టము పట్టమే. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ఎం.ఎస్‌సి.లో నూటికి 55 మార్కులున్న పిహెచ్.డి.కి అర్హత, నాలుగేండ్ల డిగ్రీ చదివినవారు 75 తెచ్చుకొన్నచో ఎం.ఎస్‌సి. లేకయే అర్హులు. రిజర్వేషను వర్గములవారికిని వికలాంగులకును 5 మార్కుల సడలింపు కలదు. చదువు మూడేండ్లకు తక్కువ కాదు, సాధారణముగ ఆరేండ్లకు మించదు.

ధనము మాట. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో వ్రాసి జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత 42,000; ఇంటి అద్దె వేరు. దీనికి వయఃపరిమితి 30 ఏండ్లు. స్త్రీలకును రిజర్వేషను వర్గములకును సడలింపు కలదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరున పుట్టి 1958లో ఇటు తరలివచ్చిన ఆ సంస్థలో తిండికిని ప్రేవునకును గల సంబంధమే పని. సి.సి.ఎం.బి., హైదరాబాదు విశ్వవిద్యాలయము కూడ అందుబాటుననే యున్నవి. విదేశములకు పోదలచినవారికి ఒక హెచ్చరిక: అమెరికాలో నాలుగేండ్ల డిగ్రీపై నేరుగా పిహెచ్.డి.లో చేర్చుకొందురు గాని, మూడేండ్ల బి.ఎస్‌సి.ని అనేక విశ్వవిద్యాలయములు చాలదందురు, ఎం.ఎస్‌సి. తోడైనచో ఆ చిక్కు తరచుగ తీరును. కెనడాలో పలుచోట్ల ముందుగా ఒక ఆచార్యుడు శిష్యునిగా అంగీకరింపవలయును. ఆయన ప్రకటించిన వ్యాసములు రెండైనను చదువక జాబు వ్రాయువానికి ప్రత్యుత్తరము రాదు.

లెక్కలకు జడిసి బైపీసీ తీసికొనుట పల్లెలలో వాడుక. ఈ శాస్త్రములో అది చెల్లదు. ప్రేవులలో నివసించు కోటానుకోట్ల సూక్ష్మజీవులను లెక్కించి పోల్చు పని నేడు ముఖ్యమైనది. దానికి గణాంక శాస్త్రమును కంప్యూటరును రావలయును. జీవశాస్త్రము చదువు పిల్లలు లెక్కల పుస్తకమును అటకెక్కింపరాదు.

పిహెచ్.డి. పొందినవానిని డాక్టరనియే పిలుతురు గాని వాడు మందుచీటి వ్రాయరాదు. "మందీయని డాక్టరేమి డాక్టరు!" అని బంధువులు నవ్వుదురు. స్థిరమైన ఉద్యోగము దొరకుటకు మరి కొన్నేండ్లు పట్టవచ్చును, దొరకినచోట ఆస్పత్రి వైద్యుని రాబడి యుండకపోవచ్చును. ఇది దాచి చెప్పుట పిల్లలకు ద్రోహము. ఐతే తాకట్టు పెట్టిన ఎకరముతో కొనలేని సీటుకై మూడేండ్లు పోగొట్టుకొనుటకంటె, ఈ కష్టమేదో తెలిసి పడుట మేలు.

కడపట కాగితముల సంగతి. పుట్టిన తేదీకి పదవ తరగతి పత్రమే ప్రమాణము. అందులో ఇంటిపేరు పొడి అక్షరముగా నుండి, ఆధార్‌లో పూర్తిగా నుండి, డిగ్రీ పట్టమున వెనుకకు పోయినచో, ఒక్క మనిషి ముగ్గురగును. దరఖాస్తు అచటనే నిలిచిపోవును. ఇంటర్మీడియెట్ ముగియకముందే ఈ మూడును పోల్చిచూచి సరిచేయించుకొనవలయును. కుల, ఆదాయ ధ్రువపత్రములు చివరి వారమున పరుగెత్తి తెచ్చుకొనునవి కావు. నెట్ పరీక్ష ఏటికి రెండుమారులు, నీట్ ఒకమారు జరుగుచున్నవి. ఆ ప్రకటనలు పత్రికలలో పడిననాడే కత్తిరించి అంటించుటకు పఠనమందిరపు బల్లపై ఒక ప్రత్యేక పుస్తకముంచవలయునని గ్రంథాలయ కార్యదర్శిగారికి మనవి.