పాత సిస్టమ్ ఆన్ అవ్వట్లేదా? ముందు ఊదా రంగు వైరు చూడండి

ఇవాళ నా బల్ల మీద ఉన్న ఈ ఇనప డబ్బా ఒక పాత పెంటియం 4 సిస్టమ్‌లోంచి తీసింది. దీని పేరు పవర్ సప్లై, షాపులో మాత్రం ఎస్‌ఎంపీఎస్ అని అడగండి. మీలో చాలామంది ఇంట్లో అటక మీద ఇలాంటి సిస్టమ్ ఒకటి ఉండే ఉంటుంది. అన్నయ్య ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొన్నది. అందులో అక్క పెళ్లి ఫొటోలున్నాయి. కానీ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ముందే ఒక మాట. మీకు కావాల్సింది ఫొటోలే అయితే ఈ రిపేరు అక్కర్లేదు. హార్డ్ డిస్క్ విప్పి, దానికి సరిపడే యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చుకోండి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటే అది ఐడీఈ, సన్న కేబుల్ అయితే సాటా. డెస్క్‌టాప్ డిస్క్ కాబట్టి 12 వోల్టుల సప్లై విడిగా ఇచ్చే అడాప్టరే తీసుకోండి. సిస్టమే మళ్లీ నడవాలి అనుకునేవాళ్లు మాత్రం వీడియో చూడండి.

చాలామంది ఏం చేస్తారంటే, ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ జెమ్ క్లిప్ పెడతారు. ఫ్యాన్ తిరిగిందా, సప్లై బాగుందని తేల్చేస్తారు. అబ్బే, ఫ్యాన్ తిరిగితే ఫ్యాన్ బాగుందని మాత్రమే అర్థం. 12 వోల్టుల ఫ్యాన్ 9 వోల్టులకి కూడా తిరుగుతుంది. మదర్‌బోర్డు అలా సర్దుకుపోదు.

నేనైతే ముందు ఊదా రంగు వైరు చూస్తాను. ఎందుకో చెప్తా. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ డిజైన్ తెచ్చింది. అంతకుముందు వచ్చిన ఏటీ సిస్టమ్స్‌లో స్విచ్ నొక్కితే నిజంగానే మెయిన్ కరెంటు కట్ అయ్యేది. ఏటీఎక్స్‌లో ఆ బటన్ బోర్డుకి ‘లే’ అని చెప్పే సైగ మాత్రమే. ఆ సైగ వినాలంటే బోర్డులో ఒక మూల మెలకువగా ఉండాలి కదా? దానికోసం సప్లైలో ఒక చిన్న సర్క్యూట్ ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం. అది వచ్చేది ఊదా వైరులోనే. మనం షట్‌డౌన్ చేసి పడుకున్నా, గోడ మీద స్విచ్ ఆపకపోతే అది రాత్రంతా డ్యూటీలోనే. ఇలా ఏళ్ల తరబడి. మరి ముసలితనం దానికి ముందు రాక ఎవరికొస్తుంది?

ఇప్పుడు కొలుద్దాం. సప్లైని బోర్డు నుంచి, డ్రైవుల నుంచి పూర్తిగా విడదీయండి. వెనకాల 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీదే ఉండాలి. మన కరెంటులో 115 మీద పెడితే లోపలి పెద్ద కెపాసిటర్ల మీద రెట్టింపు వోల్టేజీ పడి ఢామ్మంటాయి. మల్టీమీటర్ డీసీ 20 రేంజ్‌లో పెట్టి, నల్ల ప్రోబు నల్ల వైరుకి, ఎర్ర ప్రోబు ఊదా వైరుకి ఆనించండి. 4.75 నుంచి 5.25 మధ్య రావాలి.

సున్నా వస్తే కంగారు పడకండి. పోయిందేదో పోయింది, కొత్త నష్టమేమీ లేదు. 6, 7 చూపిస్తే మాత్రం భయపడాలి. కొన్ని పాత డిజైన్లలో స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చిటికెన వేలి చివరంత కెపాసిటర్ ఒకటుంటుంది. వోల్టేజీని అదుపులో పెట్టే పనిలో దానిదీ ఒక చెయ్యి. వేడికి అది ఎండిపోతే అదుపు తప్పి వోల్టేజీ పైకి పోతుంది. సప్లై బతికే ఉంటుంది, బోర్డుని చంపుతుంది. కొద్ది రూపాయల కెపాసిటర్‌తో పోయేది మదర్‌బోర్డు దాకా వస్తుంది. జెమ్ క్లిప్ టెస్టులో ఇది అస్సలు దొరకదు. ముందు ఊదా వైరు చూడమని నేను గోల పెట్టేది అందుకే.

ఊదా వైరు సరిగ్గా ఉంటే అప్పుడు జెమ్ క్లిప్. ప్లగ్ తీసి, క్లిప్ పెట్టి, మళ్లీ ప్లగ్ పెట్టండి. లోడు లేకపోతే కొన్ని పాత సప్లైలు సరైన రీడింగ్ ఇవ్వవు, కాబట్టి పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య బైక్ ఇండికేటర్ బల్బు ఒకటి, ఎర్ర వైరు కోసం పనికిరాని సీడీ డ్రైవ్ ఒకటి తగిలించండి. పసుపు 11.4 నుంచి 12.6, ఎర్ర 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47. ఇవి దాటితే మూత విప్పాల్సిందే.

ఇక్కడ నవ్వులాట లేదు. లోపల రెండు పెద్ద కెపాసిటర్లుంటాయి. మన 230 వోల్టులు డీసీగా మారాక దాదాపు 325 అవుతుంది. ఆ ఛార్జి ప్లగ్ తీసేశాక కూడా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించే వీడియోలు చూసి నేర్చుకోకండి. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న వైర్లు వేసి, ఒక్కో కెపాసిటర్ కాళ్ల మధ్య అర నిమిషం పట్టుకోండి. తర్వాత మీటర్ పెట్టి సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి. మూత తీసి ఉండగా ప్లగ్ పెట్టొద్దు. కొన్నిట్లో అల్యూమినియం హీట్‌సింక్‌లో కూడా కరెంటు ఉంటుంది.

ఇక వెతకడం తేలికే. వైర్లు బయటికొచ్చే వైపు కెపాసిటర్ల నెత్తి చూడండి. పూరీలా పొంగినా, గోధుమ రంగు ద్రవం కారినా దొంగ దొరికినట్టే. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్లు మార్కెట్‌ని ముంచెత్తాయి, ఆ కాలం సప్లైల్లో ఇది మామూలు విషయం. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారాడ్ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఇంకాస్త ఎక్కువ, మీద 105 డిగ్రీలని రాసి ఉండాలి. లో ఈఎస్‌ఆర్ అని అడగండి. చార ఉన్న కాలు నెగెటివ్, అది తిరగేస్తే పేలుతుంది. స్టాండ్‌బై దగ్గరున్న చిన్నది మాత్రం పొంగకుండానే ఎండిపోతుంది, చూస్తే తెలీదు. విప్పారు కాబట్టి దాన్నీ మార్చేయండి.

ఫ్యూజ్ పోయి ఉంటే కొత్తది వేసి ప్లగ్ పెట్టేస్తే అయిపోదు. ఫ్యూజ్ ఊరికే పోదు, వెనకాల డయోడో ట్రాన్సిస్టరో షార్ట్ అయి ఉంటుంది. అది మార్చాక, మూత బిగించి, ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి దాని ద్వారా కరెంటివ్వండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. పూర్తిగా వెలిగి అలాగే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, ఆపేయండి.

పీసీబీ నల్లగా కాలిపోయినా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మాడు వాసన కొట్టినా వదిలేయండి, అది స్క్రాపే. బాగైతే మాత్రం ఆ లోడుతోనే ఒక అరగంట నడపండి, మీరు పక్కనే ఉండండి. చివర్లో ఊదా వైరు ఇంకోసారి కొలిచి, 5 దగ్గరే నిలబడితే అప్పుడు బోర్డుకి కలపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే సిస్టమ్ మదర్‌బోర్డు చూద్దాం.