బెంచీ మీది ఆటగాడు

మిత్రులారా, బాస్కెట్‌బాల్ అనగానే అందరూ మైకేల్ జోర్డాన్ పేరే చెబుతారు. నేను ఆయన జట్టులోనే ఆడిన స్టీవ్ కెర్ గురించి చెబుతాను.

1988లో అమెరికా ఎన్.బి.ఎ. జట్లు కొత్తవాళ్లను ఎంచుకున్నప్పుడు కెర్ వంతు 50వది. 15 సీజన్లు ఆడాడు, ఎక్కువగా బెంచీ మీది నుంచే. అదేం తేలిక ఉద్యోగం కాదు. ఒళ్లు చల్లబడేదాకా కూర్చోవాలి. పిలవగానే లేచి మొదటి షాటే వేయాలి. అయినా మూడు పాయింట్ల షాట్లలో ఆయన సగటు నూటికి 45 పైనే! 1995లో ప్రాక్టీసులో జోర్డాన్‌తో చేయి చేసుకునేదాకా వచ్చింది. ఆ తరవాతే ఇద్దరికీ గురి కుదిరింది.

1997 ఫైనల్స్, ఆరో ఆట. షికాగో, యూటా 86-86 సమానం. ఆ రాత్రి 39 పాయింట్లు చేసిన జోర్డాన్, ఇద్దరు తనను కమ్ముకోగానే బంతిని కెర్‌కు ఇచ్చాడు. అయిదు సెకన్లుండగా అది బుట్టలో పడింది. టైటిల్ షికాగోది.

దాన్ని త్యాగమంటారు. ఇంజనీరుగా నాకలా తోచదు. బరువు ఎక్కడ ఆగుతుందో లెక్క తెలిసినవాడి పని అది.

సాయంత్రం మన పాత విద్యార్థుల మ్యాచ్ ఉంది. ఐదుగురి పేర్లు అప్పుడే రాసేశారట. మిగతావాళ్లు బూట్లు విప్పకండి.